సీమలో 'అండి' లేని రెండు రోజులు

రాజమండ్రిలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంటే మా బావగారు ఒకటే జాగ్రత్త చెప్పారు: "కడప కదా, చీకటి పడ్డాక రోడ్డు మీద ఉండకండి." ఆయన కడప ఎప్పుడూ చూడలేదు. సుమోలు గాల్లోకి లేచే సినిమాలు మాత్రం ఒక్కటీ వదల్లేదు. నేనూ వదల్లేదు కాబట్టి సరేనన్నాను.

స్టేషన్ బయట మాట్లాడుకున్న కారు డ్రైవరుకి గుబురు మీసం, తెల్ల చొక్కా. "యాడికి పోవల్ల?" అన్నాడు. అంతే. మా వైపు తిట్టుకునేటప్పుడు కూడా 'అండి' వదలం. ఆ మాట వినగానే మా ఆవిడ మెడలో గొలుసు కొంగు చాటుకి సర్దుకుంది.

గండికోట కడప నుంచి సుమారు 80 కిలోమీటర్లు. మధ్యాహ్నం వెళ్ళడం దండగ, రాళ్ళు నిప్పులే. సాయంత్రం ఎర్రమల కొండల్ని కోసుకుంటూ కింద పారే పెన్నని చూస్తే కాసేపు మాట రాదు. కోట లోపల ధాన్యాగారం, దాని దగ్గర్లోనే జుమ్మా మసీదు, కాస్త నడిస్తే మాధవరాయ స్వామి గోపురం. లోయ అంచున మేం నిలబడ్డ చోట కంచె లేదు. మా వాడు ఫోన్ పట్టుకుని ముందుకి పోతుంటే డ్రైవరు గట్టిగా కసిరి, వాడికీ లోయకీ మధ్య తానెళ్ళి నిలబడ్డాడు. ఫొటోలు అయ్యేదాకా కదల్లేదు.

అక్కడ పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది కానీ శని, ఆదివారాలకి ముందే బుక్ చేసుకోవాలి. మేం చేసుకోలేదు. దగ్గర్లో ఊళ్ళో ఓ లాడ్జిలో దిగాం. కౌంటర్‌లో కుర్రాడు మా జిల్లా వాడే, మాటకి రెండు 'అండి'లు. ప్రాణం లేచొచ్చింది. ఏసీ పనిచెయ్యలేదంటే "చూద్దామండి", వేడినీళ్ళు రాలేదంటే "వస్తాయండి". పొద్దున్న బిల్లులో వెయ్యని మంచానికి ఐదొందలు. నేను నసుగుతుంటే డ్రైవరు లోపలికొచ్చి, "యేయని మంచానికి దుడ్లేంది?" అన్నాడు. మంచం బిల్లులోంచి లేచిపోయింది.

రెండో రోజు బెలుం గుహలు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని వెళ్ళనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. నడక సుఖమే, ఉక్కపోతే ఎక్కువ. పలచటి నూలు బట్టలు వేసుకోండి, ఆయాసం ఉన్న పెద్దవాళ్ళని పైనే కూర్చోబెట్టండి. దారిలో బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ మాత్రం తినకుండా రావద్దు. బండి ఆమె రెండోసారి అడక్కుండానే వడ్డించి, దానికి డబ్బు తీసుకోలేదు.

తిరుగు దారిలో ఉండబట్టలేక అడిగేశాను, రెండు రోజులూ అంత ముభావంగా ఎందుకున్నారని.

"మీది గోదారి గదా సార్. నవ్వతా నవ్వతానే ఎటకారం చేస్తారంట మీరు. నోరు తెరిస్తే యాడ పట్టుకుంటారోనని ఊరకున్యా."

"ఎవరు చెప్పారు?"

"సినిమాల్లో చూడ్లేదా సార్?"

మా ఆవిడ పగలబడి నవ్వింది. గొలుసు ఎప్పుడు బయటికి వచ్చిందో మరి.

స్టేషన్ దగ్గర డబ్బులు లెక్కపెట్టి చేతిలో పెట్టి, "సరిపోయాయా అండి?" అన్నాను. ఆయన నోట్లు చూడలేదు. ఓ క్షణం నా మొహంలోకి అనుమానంగా చూశాడు.