మూడేళ్లకు పైగా వాడాక చెబుతున్నా: గ్రాఫిక్స్ కార్డు యాప్ ఉంచాలా, తీసేయాలా?

నిజాంపేటలో మాది పెంట్‌హౌస్. పేరు విని పెద్దగా ఊహించుకోకండి. టెర్రస్ మీద రెండు గదులు, నెత్తిన స్లాబు, ఏప్రిల్ వచ్చిందంటే పెనం మీద కూర్చున్నట్టే. 2022 చివర్లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుతో ఆ గదిలోనే గేములు ఆడుతున్నాను. మొదట ఎన్విడియా పాత యాప్ జీఫోర్స్ ఎక్స్‌పీరియన్స్ వాడాను, తర్వాత దాదాపు ఏడాది ఏ యాపూ లేకుండా ఉత్త డ్రైవర్‌తో (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) నెట్టుకొచ్చాను, ఇప్పుడు కొత్త ఎన్విడియా యాప్ ఉంది.

ఆట రికార్డు చేసుకునే అలవాటుంటే ఉంచండి. లేదంటే డ్రైవర్ చాలు.

యాప్ వేరు, డ్రైవర్ వేరు అన్న సంగతి చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. తీసేసిన రోజు స్క్రీన్ నల్లబడుతుందేమోనని టెన్షన్ పడ్డాను. ఏమీ కాలేదు. కార్డును నడిపేది డ్రైవరే, యాప్ దాని పక్కన నిలబడే మేనేజర్ లాంటిది.

నాకు బాగా పనికొచ్చిన సెట్టింగ్ కూడా యాప్ లేకుండానే దొరికింది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ‘మ్యాక్స్ ఫ్రేమ్ రేట్’ అని ఉంటుంది, 2020 నుంచి ఉంది. సెకనుకు ఇన్ని ఫ్రేములు (బొమ్మలు) దాటొద్దని కార్డుకు హద్దు పెట్టేది. నా మానిటర్ 75 హెర్ట్జ్, అంటే సెకనుకు 75 ఫ్రేములే చూపించగలదు. వాలరెంట్ అనే షూటింగ్ గేములో కార్డు సెకనుకు రెండొందల ఫ్రేములు కక్కినా నాకు కనిపించేవి 75. మిగతాదంతా వేడి. 3060 నిండు లోడులో 170 వాట్ల దాకా లాగుతుంది, ఆ కరెంటంతా చివరికి గదిలోకే వేడిగా వస్తుంది. 75కి కట్టేశాక ఫ్యాన్ల గోల తగ్గింది. మే నెలలో కూడా రాత్రి పదింటికి ఆడగలుగుతున్నాను. ఫ్రేములు ఎక్కువుంటే మౌస్ చురుగ్గా ఉంటుందనేవాళ్లున్నారు. నిజమే, కానీ నా ర్యాంకుకి అంత సీన్ లేదు.

మరి యాప్ మళ్లీ ఎందుకు వేశానంటే, ఒక్క ఆట వల్ల. యాప్ లేని ఆ ఏడాదిలోనే జీవితంలో మొదటిసారి ఏస్ కొట్టాను, ఒక్క రౌండులో ఎదుటి జట్టు అయిదుగురినీ నేనే లేపేశాను. మా బావమరిదికి చెబితే ‘వీడియో ఏది బావా?’ అన్నాడు. లేదు. ఇప్పటికీ నమ్మడు. యాప్‌లోని ఇన్‌స్టంట్ రీప్లే ఆన్ చేసి ఉంటే ఆల్ట్, ఎఫ్10 నొక్కగానే గడిచిన కొన్ని నిమిషాలు సేవ్ అయ్యేవి. ఎన్‌కోడింగ్ పని, అంటే ఆటను వీడియో ఫైలుగా మార్చడం, కార్డులోనే విడిగా ఉన్న భాగం చూసుకుంటుంది కాబట్టి ఆట మీద భారం తక్కువే.

ఇందులో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. మొదట్లో ఆట మొత్తం రికార్డు చేస్తూ ఫైళ్లన్నీ సీ డ్రైవ్‌లో పడేలా వదిలేశాను. సెకనుకు 50 మెగాబిట్ల నాణ్యత పెడితే గంటకు 22 జీబీ పైనే అవుతుంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వారం తిరక్కుండా ఎర్రగీతకొచ్చింది. రీప్లేని మూడు నిమిషాలకు తగ్గించి, ఫోల్డర్‌ని పాత హార్డ్‌డిస్క్‌కి మార్చుకున్నాను.

పాత యాప్‌కి అకౌంట్‌తో లాగిన్ కావాల్సి వచ్చేది. 2024 నవంబర్‌లో పూర్తిస్థాయిలో విడుదలైన కొత్తదానికి ఆ గోల లేదు. అయితే మరుసటి నెలలోనే, ఆట రంగులు మార్చే గేమ్ ఫిల్టర్లు ఆన్‌లో ఉంటే కొన్ని ఆటల్లో ఫ్రేములు 15 శాతం దాకా పడిపోతున్నాయని పరీక్షల్లో తేలింది. వాటిని ఆఫ్ చేసుకోమని ఎన్విడియానే చెప్పింది. సెట్టింగ్స్‌లో ఓవర్‌లే కింద ‘గేమ్ ఫిల్టర్స్ అండ్ ఫొటో మోడ్’ అని ఉంటుంది. ఆ వార్త చదివిన రోజే ఆపేశాను, మళ్లీ ముట్టుకోలేదు. ఆటకు రంగులద్దడం నాకెందుకు?

ఆట సెట్టింగులను యాపే ఎంచి పెట్టే ‘ఆప్టిమైజ్’ బటన్ కూడా అంతే. నీడలు, ప్రతిబింబాలు ఆటలోకెళ్లి మనమే తగ్గించుకుంటే అయిదు నిమిషాల పని. డ్రైవర్ అప్‌డేట్లు యాప్ గుర్తుచేస్తుంది, బాగానే ఉంది, కానీ వచ్చిన రోజే వేయను. వారం ఆగుతాను.

బావమరిదిది ఎన్విడియా పోటీ కంపెనీ ఏఎమ్‌డీ కార్డు. వాళ్ల ఇన్‌స్టాలర్ ఫుల్, మినిమల్, డ్రైవర్ ఓన్లీ అని ముందే అడుగుతుంది, ఆ పద్ధతి నాకు నచ్చింది. వాడు రికార్డింగ్ జోలికే పోడు కాబట్టి మొన్న డ్రైవర్ ఓన్లీ వేసిచ్చాను. నిన్న ఫోన్ చేశాడు, వాడూ ఏస్ కొట్టాడట. ‘వీడియో ఏది?’ అన్నాను.