అమ్మతో బొలోన్యా: కాలినడక టూర్ ఎలా ఉందంటే

మోకాళ్ళ నొప్పులున్న అమ్మని ఇటలీలో ఎలా నడిపించాలా అని నెల రోజులు టెన్షన్ పడ్డాను. రోమ్, ఫ్లోరెన్స్ రద్దీ ఆవిడ వల్ల కాదనిపించి ఏప్రిల్‌లో బొలోన్యా తీసుకెళ్ళాను, మొదటిరోజు పొద్దున పదింటికి ఊరి నడిబొడ్డు చౌరస్తా పియాజ్జా మజ్జోరే నుంచి బయల్దేరే ఇంగ్లిష్ వాకింగ్ టూర్ బుక్ చేశాను. ముందు ఏమీ కట్టక్కర్లేదు, అయ్యాక మనకి తోచినంత ఇవ్వడమే. ఇద్దరికీ కలిపి 20 యూరోలు ఇచ్చాను, గైడ్ అమ్మాయి చెప్పిన తీరుకి అది ఎక్కువేం కాదు.

ఈ ఊళ్ళో చూడాల్సింది వసారాలే. పోర్టికోలంటారు వాళ్ళు. స్తంభాల మీద పైఅంతస్తు వీధిలోకి ముందుకొచ్చి ఉంటుంది, కింద మనం నీడలో నడుస్తాం. ఊరు పెరిగి, చదువుకోడానికి వచ్చేవాళ్ళు పెరిగి, చోటు చాలక పై గదుల్ని వీధి మీదకి పెంచుకుంటూ పోయారు. 1288లో కొత్త ఇల్లు కడితే పోర్టికో ఉండి తీరాలని చట్టమే చేశారు, గుర్రం మీద మనిషి తల తగలకుండా వెళ్ళేంత ఎత్తు ఉండాలని కూడా. అన్నీ కలిపితే దాదాపు 62 కిలోమీటర్లు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. స్ట్రాడా మజ్జోరేలో కాసా ఇసోలానీ ముందు 13వ శతాబ్దపు చెక్క స్తంభాలు ఇంకా నిలబడి ఉన్నాయి. అమ్మ ఒకదాని మీద అరచెయ్యి ఆనించి "మా తాతగారింటి మండువా స్తంభాల్లా ఉన్నాయిరా" అని కాసేపు కదల్లేదు. మధ్యలో చినుకులు పడ్డాయి, మేం గొడుగు తీయనే లేదు.

నాకు జీవితాంతం గుర్తుండేది మాత్రం పలాజ్జో డెల్ పొడెస్తా అనే పాత భవనం కిందున్న కమాను. గైడ్ అమ్మని ఒక మూల గోడవైపు తిరిగి నిలబడి మాట్లాడమంది, నన్ను ఎదురు మూలకి పంపింది. మధ్యలో జనం అటూ ఇటూ పోతున్నారు. నేను గోడ దగ్గర చెవి పెట్టాను. "వినపడుతోందా నాన్నా, కాళ్ళు బానే ఉన్నాయి, బెంగపడకు" అని అమ్మ గొంతు, పక్కనే నిలబడి చెప్పినట్టు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇక నచ్చనివి. పాతికమంది గుంపుకి హెడ్‌సెట్లు లేవు. అసినెల్లీ, గారిసెండా అనే రెండు పాత టవర్ల దగ్గర ట్రాఫిక్ చప్పుడులో వెనకున్నవాళ్ళకి ఒక్క ముక్క వినపడలేదు, నేను వెళ్ళి చెప్పాక గైడ్ అమ్మని తన పక్కనే నడిపించుకుంది పాపం. టవర్ ఎక్కుదామని మాత్రం ఆశపడకండి. పక్కనున్న గారిసెండా మరీ ఒరిగిపోతోందని 97 మీటర్ల అసినెల్లీ టవర్‌ని 2023 అక్టోబర్‌లో మూసేశారు, మేం వెళ్ళినప్పుడూ మూసే ఉంది.

శాన్ పెట్రోనియో చర్చికి ఐదే నిమిషాలిచ్చారు, అది నిజంగా అన్యాయం. లోపల నేల మీద 1655లో కాసినీ అనే ఖగోళ శాస్త్రవేత్త గీయించిన గీత ఉంది, 67 మీటర్ల పొడవు. పైకప్పులో చిన్న రంధ్రం లోంచి ఎండ మచ్చ నేల మీద పడి, ఆ ఊరికి సరిగ్గా మిట్టమధ్యాహ్నం అయినప్పుడు గీత దాటుతుంది. టూర్ పన్నెండున్నరకి అయిపోయింది, మేమిద్దరం వెనక్కెళ్ళి కూర్చున్నాం. సమ్మర్ టైమ్ (వేసవిలో గడియారం గంట ముందుకి జరుపుతారు) కాబట్టి ఒంటిగంట దాటి పది నిమిషాలయ్యాక కోడిగుడ్డు ఆకారంలో వెలుగు మెల్లగా జరుగుతూ వచ్చి గీత మీదకెక్కింది. భూమి తిరగడం అలా కళ్ళతో ఎప్పుడూ చూడలేదు నేను.

ఆర్కిజిన్నాసియో అనే పాత యూనివర్సిటీ భవనంలో విద్యార్థుల వంశచిహ్నాలతో నిండిన వరండా వరకే టూర్. పైనున్న, శవాల్ని కోసి పాఠం చెప్పిన చెక్క అనాటమీ థియేటర్‌కి టికెట్ విడిగా కొనుక్కోవాలి, కొనండి. 1944 బాంబుదాడిలో కూలిపోతే దొరికిన ముక్కలతో మళ్ళీ కట్టారు.

శాకాహారులు ఒక్క అక్షరం జాగ్రత్త: లోపల కూరిన పాస్తా రెండు రకాలు, టోర్టెల్లీనిలో పంది మాంసం ఉంటుంది, టోర్టెల్లోనిలో మామూలుగా రికోటా జున్ను. వెన్న, సేజ్ ఆకుతో చేసింది అమ్మ రెండుపూటలా తింది.

పైన చర్చి ఉన్న సాన్ లూకా కొండ ఈ టూర్‌లో లేదు, మర్నాడు పెట్టుకోండి. 666 కమానుల వసారా దారి, నాలుగు కిలోమీటర్లకి కాస్త తక్కువ. అమ్మని పియాజ్జా మజ్జోరేలో టూరిస్టు బండి ఎక్కించి నేను నడిచాను. మెలొన్చెల్లో కమాను దాటాక అంతా ఎక్కుడే, నీళ్ళ బాటిల్ ముందే నింపుకోండి.