విశాఖ నుంచి మెల్‌బోర్న్‌కు స్కూట్‌లో: కిలోల లెక్క, చాంగీ మజిలీ

విశాఖ నుంచి నేరుగా విదేశం వెళ్లే విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో సింగపూర్ వెళ్లే స్కూట్ అనే చవక విమానసంస్థది ఒకటి. ఆస్ట్రేలియాలో పిల్లలున్న ఉత్తరాంధ్ర తల్లిదండ్రులకు ఇది నిజంగా పెద్ద సాయం. హైదరాబాద్‌కో చెన్నైకో రాత్రంతా రైల్లో పోయి విమానం ఎక్కే శ్రమ తప్పుతుంది. సింగపూర్‌కు సుమారు 4 గంటలు, అక్కడి నుంచి మెల్‌బోర్న్‌కు ఏడున్నర. స్కూట్ సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్లదే. 2012 జూన్‌లో సిడ్నీ సర్వీసుతోనే మొదలైంది కాబట్టి దూరప్రయాణాలు దానికి కొత్త కాదు.

అయితే వెబ్‌సైట్‌లో మొదట కనిపించే ధర చూసి టికెట్ కొనేయకండి. 'ఫ్లై' అనే ఆ ధరకు సీటు, 10 కిలోల చేతి సామాను వస్తాయి, అంతే. ఆ 10 కిలోలు రెండు సంచులకూ కలిపి. ఒకటి 54×38×23 సెంటీమీటర్లకు మించని పెట్టె, రెండోది సీటు కింద పట్టే చిన్న సంచి. ల్యాప్‌టాప్ బ్యాగు లెక్కలోకి రాదని చాలామంది అనుకుంటారు, కౌంటర్ దగ్గర ఇరుక్కుపోతారు. చక్రాల పెట్టె ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. అందుకే చేతి సామానుకు బట్ట సంచే మేలు. ఇంట్లో కొక్కెం తూకం ఉంటే చేత్తో పట్టుకుని కాకుండా తలుపు గడియకో కర్రకో తగిలించి తూచండి. చెయ్యి వణికితే అరకిలో అటూఇటూ చూపిస్తుంది.

చెక్-ఇన్ సామాను కావాలంటే 'ఫ్లైబ్యాగ్' తీసుకోవాలి, అందులో 20 కిలోలు వస్తాయి. పచ్చళ్లు, పొడులు, స్వెట్టర్లతో పోయే పెద్దవాళ్లకు అది చాలదు. 5 కిలోల చొప్పున 40 దాకా పెంచుకోవచ్చు, కానీ ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. విమానాశ్రయంలో కొంటే రేటు బాగా ఎక్కువ. ఒక్క పెట్టె మాత్రం 32 కిలోలు దాటకూడదు. సామాను, రెండు భోజనాలు, సీటు ఎంపిక, అన్నీ రానూపోనూ కలిపాక వచ్చిన మొత్తాన్ని మామూలు విమానసంస్థ టికెట్‌తో పోల్చి చూడండి. తేడా నాలుగైదు వేలే అయితే మామూలు టికెట్టే నయం. ఒక్క బ్యాక్‌ప్యాక్‌తో పోయే కుర్రాళ్లకు మాత్రం స్కూట్‌లో మిగులు ఖాయం.

సింగపూర్ నుంచి మెల్‌బోర్న్ విమానం బోయింగ్ 787. వరుసకు 3-3-3, సీటుకీ సీటుకీ మధ్య 31 అంగుళాలు. సగటు ఎత్తువాళ్లకు సరిపోతుంది, ఆరడుగులవాళ్లకు మోకాళ్లు ఆనతాయి. ముందు వైపు 'స్కూట్ఇన్‌సైలెన్స్' అని చిన్న విభాగం ఉంటుంది, అందులోకి 12 ఏళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు. రాత్రి నిద్ర ముఖ్యమనుకుంటే ఆ సీటుకు పెట్టే డబ్బు వృథా కాదు. 'స్కూట్‌ప్లస్'లో వెడల్పు సీటు, 30 కిలోల సామాను, 15 కిలోల చేతి సామాను, భోజనం కలిసి వస్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదే తీసుకోమని చెబుతాం. కాకపోతే విశాఖ-సింగపూర్ అంచెలో నడిపే ఏ320 తరహా చిన్న విమానంలో ఆ వెడల్పు సీట్లు ఉండవు.

సీటు వెనక టీవీ ఉండదు, దుప్పటి ఇవ్వరు, నీళ్లు కూడా కొనుక్కోవాలి. శాలువా, సాక్స్ తప్పనిసరి. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర విమానంలో తినకూడదని వాళ్ల నియమం. కాబట్టి అది చాంగీలోనే, అంటే సింగపూర్ విమానాశ్రయంలోనే తినేయాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంక్‌తో ఫోన్ చార్జ్ చేయడం కూడా నిషేధం. దాన్ని చేతి సామానులోనే పెట్టుకోవాలి, వాడకూడదు. ఫోన్ నిండా చార్జ్ చేసుకునే ఎక్కండి.

రెండు అంచెలూ ఒకే బుకింగ్‌లో ఉండాలి, ఇది అన్నింటికన్నా ముఖ్యం. విడివిడిగా కొంటే చాంగీలో ఇమిగ్రేషన్ దాటి సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అందుకు భారతీయులకు సింగపూర్ వీసా కావాలి. ఆస్ట్రేలియా వీసా ఉన్నవాళ్లకు 96 గంటల వీసారహిత మజిలీ సౌకర్యం ఉంది గానీ, రానివ్వాలా వద్దా అన్నది అక్కడి అధికారి ఇష్టం. దాని మీద భరోసా పెట్టుకుని టికెట్లు కొనొద్దు.

మజిలీ ఆరు గంటలు దాటితే టెర్మినల్ 1లోని ఏరోటెల్‌లో గంటల లెక్కన గది దొరుకుతుంది, ఈత కొలను కూడా ఉంది. ఇమిగ్రేషన్ దాటక్కర్లేదు. యోటెల్‌ఎయిర్ అలా కాదు, అది టెర్మినల్‌ను ఆనుకుని ఉన్న జ్యువెల్ మాల్‌లో, అంటే ఇమిగ్రేషన్ బయట ఉంది. బుక్ చేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే పొరబడతారు. డబ్బు పెట్టకూడదనుకుంటే టెర్మినళ్ల మధ్య తిరిగే స్కైట్రైన్‌లో టెర్మినల్ 3కి పోయి సీతాకోకచిలుకల తోట చూడొచ్చు, ఉచిత సినిమా హాల్లో కాసేపు కూర్చోవచ్చు. టెర్మినల్ 1లో భద్రతా తనిఖీ గేటు దగ్గరే జరుగుతుంది. అప్పుడు సీసాలో నీళ్లుంటే పారబోయిస్తారు. ఖాళీ సీసా పట్టుకెళ్లి, తనిఖీ అయ్యాక లోపల కుళాయి ఉంటే నింపుకోండి.

మెల్‌బోర్న్‌లో దిగేముందు ఇచ్చే కార్డులో తినే వస్తువులున్నాయా అన్న ప్రశ్నకు 'అవును' అనే రాయండి. ఆవకాయైనా సరే, కారప్పొడైనా సరే. రాసి చూపిస్తే మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు. రాయకుండా దొరికితే జరిమానా పడుతుంది. చికెన్, మటన్ పచ్చళ్లు, పాలకోవా, పచ్చి కరివేపాకు అసలు పెట్టొద్దు, అవి లోపలికి పోనివ్వరు. పచ్చళ్ల డబ్బాలన్నీ ఒకే పెట్టెలో పైన సర్దితే తనిఖీ బల్ల దగ్గర చీరలన్నీ విప్పి చూపించాల్సిన పని ఉండదు.