ఇంటిపేరు లేని జాబితాలో మావాణ్ణి వెతికిపెట్టిన సంఘం: కొన్నేళ్ళ సభ్యత్వం తర్వాత

దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటల్లో పనికని ఓడెక్కిన మా ముత్తాత తమ్ముడి ఆచూకీ కోసం డర్బన్ వైపు ఉన్న ఒక చిన్న కుటుంబ చరిత్ర సంఘంలో చేరాను. చేరి కొన్నేళ్ళు దాటింది. సభ్యత్వం ఎలా కట్టాలి, వాళ్ళ పత్రిక ఎప్పుడొస్తుంది, ఆన్‌లైన్ మీటింగులు ఎలా ఉంటాయి లాంటివన్నీ అడిగితే వాళ్ళే చెబుతారు. నేను రాయాలనుకున్నది ఒక్క సౌకర్యం గురించి. సభ్యుడు ప్రశ్న పంపితే ఒక వాలంటీర్ దాన్ని తన పనిగా తీసుకుంటారు. రికార్డు ముందు పెట్టుకుని, వీడియో కాల్‌లో మనతో కూర్చుని వెతుకుతారు. ఇది లేకపోతే మావాడు మాకు ఎప్పటికీ దొరికేవాడు కాదు.

ఓడ జాబితాలు కంప్యూటర్‌లో ఉన్నాయి కదా, పేరు కొడితే రాదా అని మా తమ్ముడు అడిగాడు. రాదు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా నేటాల్ వెళ్ళినవాళ్ళు 1,52,000 మందికి పైనే. అందులో ఎక్కువ మంది మద్రాసు రేవు నుంచి వెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు. ప్రతి మనిషికీ ఒక వలస నంబరు ఇచ్చారు. పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాసుకున్నారు. ఇంత రాసినవాళ్ళు మనం ఇంటిపేరు అనేదాన్ని మాత్రం రాసుకోలేదు. ఉత్తరాంధ్రలో ఇంటిపేరు తీసేస్తే మిగిలేది ఏమిటి? అప్పన్న, అప్పలస్వామి, సింహాద్రి, రాములు. ఒకే ఓడలో అప్పన్నలు ఎంతమందో. పైగా గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. ఒకచోట 'అపానా', ఇంకోచోట 'ఉప్పన్నా', మరోచోట చివరి అక్షరమే లేదు.

మా ఇంట్లో మిగిలిన సమాచారం కూడా గుప్పెడే. "ఓడెక్కి ఎలిపోనాడు, మరి రాలేదు" అని మా మేనత్త చెప్పే మాట, ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు. ఆ పేరు ఇంటికొకరికి ఉండే పేరు. నేను ఒక్కణ్ణే కూర్చుని వెతికినన్నాళ్ళు అలాంటి పేర్లు వరసగా కళ్ళముందు పోతుండేవి. అందులో మావాడెవరో చెప్పే దారి లేదు.

సంఘంలో నా ప్రశ్న తీసుకున్నది ఒక రిటైర్డ్ టీచర్. ఆవిడ పెద్దలు కూడా మద్రాసు ఓడలోనే వెళ్ళారు. ఆవిడకు తెలుగు రాదు. కానీ ఆ జాబితాల చేతిరాతను మనం పేపర్ చదివినట్టు చదువుతారు. నేను పేరు చెప్పబోతే ఆపి, "ఆయనతో పాటు ఎవరు వెళ్ళారు?" అని అడిగారు. ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మేనత్తకు ఫోన్ చేసి అడిగితే టక్కున చెప్పింది: మేనబావతో కలిసి వెళ్ళాడట. ఆ మేనబావది మా ఊరి గ్రామదేవత పేరు. మా చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళు దాటితే ఆ పేరు వినబడదు.

ఆవిడ మావాణ్ణి పక్కన పెట్టి ఆ మేనబావను వెతకడం మొదలుపెట్టారు. ఒకే ఊరి నుంచి కలిసి వచ్చినవాళ్ళ నంబర్లు చాలాసార్లు పక్కపక్కనే పడతాయట. అరుదైన పేరు దొరికితే పైనా కిందా నాలుగు వరసలు చూస్తే చాలన్నారు. నేను ఆ పేరు పలుకుతుంటే ఆవిడ ఇంగ్లీషు గుమస్తా దాన్ని ఎన్ని రకాలుగా రాసి ఉండొచ్చో కాగితం మీద రాసుకుంటూ పోయారు. మధ్యలో ఆపి మళ్ళీ పలకమనేవారు, ఇంకో స్పెల్లింగ్ చేర్చేవారు. మొదటి రోజు దొరకలేదు. తర్వాత ఒక సాయంత్రం మెయిల్‌లో ఒక పేజీ స్కాన్ వచ్చింది. ఒక వరసలో గ్రామదేవత పేరు, అక్షరాలు కొంచెం వంకరపోయినా గుర్తుపట్టేలా. దాని కింది నంబరులో మావాడు. తండ్రి పేరు సరిపోయింది. వయసు ఇరవైల్లో. గుర్తుల గడిలో ఎడమ మోకాలి కింద మచ్చ.

జిల్లా గడిలో విశాఖపట్నం అని ఉంది. ఠాణా గడిలో ఉన్న మాట దగ్గర ఆవిడ ఆగిపోయారు. మ్యాపులో ఎక్కడా కనబడటం లేదన్నారు. అది సర్వసిద్ధి. ఆ పేరుతో తాలూకా ఇప్పుడు లేదు, ఎలమంచిలి చుట్టుపక్కల ప్రాంతం అని నేను చెప్పాను. అప్పటిదాకా సర్వసిద్ధి దగ్గర ప్రశ్నార్థకం పెట్టి వదిలేసిన వరసలన్నీ వాళ్ళు మళ్ళీ తీశారు. అలాగే గంజాం జిల్లా అని ఉన్నవాళ్ళందరినీ ఒడిశావాళ్ళ కింద కట్టేవారు. శ్రీకాకుళం అప్పట్లో గంజాం జిల్లాలోదే, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాకే విశాఖ జిల్లాలో కలిసింది అని చెప్పాక ఆ పద్ధతి మార్చుకున్నారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం నాకు ఎంతో నచ్చింది. అక్కడివాళ్ళకు చేతిరాత తెలుసు, మనకు ఊళ్ళు తెలుసు. రెండూ కలిస్తేనే మనిషి దొరుకుతాడు.

ఆ పేజీని మేనత్తకు చదివి వినిపించాను. మచ్చ అన్న మాట దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. ఆ మచ్చ సంగతి ఆమెకూ తెలియదు. మా ఇంట్లో ఎవ్వరూ చూడని మనిషి గురించి ఒక కొత్త సంగతి అంత దూరం నుంచి వచ్చింది కదా, అందుకు.

ఇక్కడిదాకా చదివి వెంటనే చేరిపోదామనుకునేవాళ్ళు కాసేపు ఆగండి. జాబితా చదవడంలో ఉన్న శ్రద్ధ ఆ సంఘంలో వంశవృక్షాలు కట్టేటప్పుడు ఉండదు. ఆ తర్వాతి దశ వేరే వాలంటీర్ చేతికి వెళ్ళింది. ఉమ్లాజీ, ఉమ్‌జింటో లాంటి ఓడలు మద్రాసుకూ డర్బన్‌కూ పదేపదే తిరిగాయి. మావాడి పేరే ఉన్న ఇంకొకాయన అదే పేరు గల ఓడలో, వేరే ప్రయాణంలో దిగాడు. పేరు కలిసింది, ఓడ పేరు కలిసింది, అంతే, ఆయన పిల్లల్నీ మనవల్నీ మా వృక్షానికి అతికించి పంపారు. దక్షిణాఫ్రికాలో చనిపోయినవారి ఆస్తి ఫైళ్ళలో మరణ నోటీసు అని ఒక ఫారం ఉంటుంది. అందులో తల్లిదండ్రుల పేర్లు, భార్యాపిల్లల పేర్లు రాస్తారు. చాలా విలువైన కాగితం. కానీ తల్లిదండ్రుల గడులు ఖాళీగా ఉన్న ఫారాన్ని ఆధారంగా పట్టుకుని వృక్షం కట్టడం తప్పు, అది వాళ్ళకు నాకంటే బాగా తెలియాలి.

అది చూసి మా ఇంట్లో పండగే పండగ. మేనత్త ఆ కుటుంబంతో వాట్సాప్‌లో మాట్లాడింది. భాష రాకపోయినా ఇటూ అటూ ఏడ్చుకున్నారు. ఫొటోలు పంపుకున్నారు. కొన్నాళ్ళకు ఆ కుటుంబంలో ఒకరు తమ ఇంట్లో దాచుకున్న పాత కాగితం ఫొటో పెట్టారు. అందులో వలస నంబరు ఉంది. మా నంబరు కాదు. తండ్రి పేరూ వేరే. ఎనభై దాటిన మనిషికి "వాళ్ళు మనవాళ్ళు కారట" అని చెప్పాల్సింది నేనే. సంఘం నుంచి రెండు లైన్ల క్షమాపణ వచ్చింది. వాళ్ళ ఉమ్మడి డేటాబేస్‌లోంచి ఆ తప్పు కొమ్మను తీయించడానికి నెలల తరబడి మెయిళ్ళు రాయాల్సి వచ్చింది. ఈ లోపు ఇంకెవరో దాన్ని చూసి తమ వృక్షంలోకి కాపీ చేసుకున్నారు కూడా. దీని మీద నా కోపం ఇంకా తగ్గలేదు.

మావాడు దిగాక టొంగాట్ వైపు ఒక చెరకు ఎస్టేటుకు వెళ్ళాడని యజమాని గడి చెబుతోంది. ఐదేళ్ళ ఒప్పందం తర్వాత జాడ లేదు. 1895 చట్టం ప్రకారం ఒప్పందం ముగిసినవాళ్ళు మళ్ళీ ఒప్పందం చేసుకోవాలి, లేదా తిరిగిపోవాలి, ఉండిపోతే ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. ఆయన ఏ దారిన వెళ్ళాడన్నది తేలలేదు. ఆస్తి లేకుండా పోయిన కూలీకి చాలాసార్లు ఆస్తి ఫైలే ఉండదు. కాబట్టి సంఘం మాకు ఇచ్చింది ఆయన రాక వరకే. మాకు అదే చాలా ఎక్కువ, కానీ అవతల బంధువులు దొరుకుతారన్న ఆశతో చేరేవాళ్ళకు అది సరిపోకపోవచ్చు.

నాకు పనికొచ్చిందంటే దానికి మా పరిస్థితులూ కలిసొచ్చాయి. మేనత్త జ్ఞాపకం గట్టిది. ఊరు, తండ్రి పేరు పోలేదు. తోడు వెళ్ళినవాడిది అరుదైన పేరు. ఇవేవీ లేకుండా ఒక్క ఇంటిపేరు పట్టుకుని వెళితే ఆ టీచర్ గారు కూడా ఏమీ చేయలేరు. మీ పెద్దలు బర్మా వెళ్ళి ఉంటే ఈ సంఘం అక్కరకు రాదు, కూలీలను పోగుచేసి తీసుకెళ్ళే మేస్త్రీల వెంట రంగూన్ వెళ్ళినవాళ్ళకు ఇలాంటి ఒప్పంద నంబర్లు లేవు. మారిషస్ అయితే మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌ను అడగాలి. ఫిజీ అయితే వలస పాసులు ఉన్నాయి, వాటిలోనూ తండ్రి పేరు, ఊరు ఉంటాయి.

ఈ ఏడాది కూడా సభ్యత్వం రెన్యూ చేశాను. తిరుగు ఓడల్లో మద్రాసు వచ్చినవాళ్ళ పేర్లలో మావాడి నంబరు ఉందేమో చూస్తానని ఆ టీచర్ గారు అన్నారు. వృక్షం కట్టి పంపుతామని వేరే ఎవరు రాసినా, వలస నంబరు ఉన్న పేజీ స్కాన్ పంపమని మాత్రమే జవాబు ఇస్తున్నాను. అది వచ్చేదాకా మేనత్తకు ఏమీ చెప్పడం లేదు.