‘1500 వాట్ల’ ఆంప్ వైరింగ్ కిట్: బేస్ పడగానే సబ్‌వూఫర్ ఆగిపోతోందా?

కారులో ఆంప్ (స్పీకర్లకి శక్తినిచ్చే ఆంప్లిఫయర్) బిగించడానికి వెయ్యి రూపాయల లోపు దొరికే ఈ రకం కిట్ల పెట్టె మీద ‘1500 వాట్స్, 8 గేజ్’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. లోపల ఎర్ర పవర్ వైరు 5 మీటర్లు, నల్ల ఎర్త్ వైరు ఒక మీటరు, స్టీరియో వేయగానే ఆంప్‌ని ఆన్ చేసే నీలం రిమోట్ వైరు, స్టీరియో నుంచి పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్, స్పీకర్ వైరు, గాజు ఫ్యూజున్న హోల్డరు. 300 ఆర్‌ఎంఎస్ వాట్ల (ఆగకుండా ఇవ్వగల అసలు పవర్) లోపు ఆంప్‌కి ఇది చాలు. అంతకు మించితే సబ్‌వూఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకరు) ఆగి ఆగి మోగుతుంది, నింద మాత్రం ఆంప్ మీద పడుతుంది. 1500 వాట్ల మాట పెట్టె మీదే. ఐదుకి రెండు మార్కులు ఇవ్వొచ్చు.

వైరు కొసన తొడుగు తీసి ఒక్క పోగును చాకుతో గీకండి. పైన రాగి రంగు, లోపల వెండి తెలుపు కనిపిస్తే అది అల్యూమినియానికి రాగి పూత, అంటే సీసీఏ. అంతే లావు రాగితో పోలిస్తే దీని నిరోధం ఒకటిన్నర రెట్ల పైమాటే. 8 గేజ్ అంటే లోహమే సుమారు 8.4 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి. చాలా కిట్లలో లావంతా తొడుగుదే.

లెక్క చూద్దాం. 500 ఆర్‌ఎంఎస్ వాట్ల క్లాస్ డీ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్ పూర్తిగా మోగేటప్పుడు 13.8 వోల్టుల దగ్గర దాదాపు 45 ఆంపియర్లు లాగుతుంది. నిజంగా 8 గేజ్ ఉన్న సీసీఏ అయినా 5 మీటర్లలో 0.7 వోల్టు పోతుంది. ఫ్యూజ్ హోల్డరు, ఎర్త్ కలిసి ఇంకొంత తింటాయి. ఇంజన్ ఆపి పాటలు పెడితే బ్యాటరీ కూడా దిగుతుంది. ఆంప్ దగ్గర వోల్టేజీ 10-11 వోల్టుల కిందికి పడితే చాలా ఆంప్‌లు తమంతట తామే ఆగిపోతాయి. ఆగగానే లోడు పోతుంది, వోల్టేజీ లేస్తుంది, ఆంప్ మళ్లీ వస్తుంది. ప్రతి దెబ్బకీ ఆగి రావడం అందుకే.

పట్టుకోవడానికి మల్టీమీటర్ చాలు. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, బేస్ ఎక్కువున్న పాట మోగుతుండగా ఆంప్ టెర్మినళ్ల దగ్గర చూడండి, ఆ తర్వాత బ్యాటరీ దగ్గర. తేడా అర వోల్టు దాటితే దారిలోనే లోపం. బ్యాటరీ మైనస్‌కీ ఆంప్ ఎర్త్‌కీ మధ్య 0.2 వోల్టు దాటితే ఎర్త్ బాగాలేదు. బ్యాటరీ దగ్గరే 11కి పడుతుంటే కిట్ తప్పేం లేదు, బ్యాటరీనో దాని టెర్మినళ్లనో చూసుకోవాలి.

కిట్ మొత్తంలో అధ్వానమైనది ఫ్యూజ్ హోల్డరే. గాజు ఫ్యూజుకి మూతల దగ్గర పట్టు చాలదు, వేడెక్కి వదులవుతుంది. ఫ్యూజు కాలదు కానీ హోల్డరు ప్లాస్టిక్ మీద గోధుమ రంగు మచ్చ పడుతుంది. ఇరవై నిమిషాలు మోగాక చేత్తో తాకితే తెలిసిపోతుంది. పైగా ఇందులో పెట్టే 60 ఆంపియర్ల ఫ్యూజు ఈ వైరుకి ఎక్కువ. ఫ్యూజు కాపాడాల్సింది వైరుని, ఆంప్‌ని కాదు. ఈ వైరుకి 40 దాటొద్దు. మినీ ఏఎన్‌ఎల్ (స్క్రూలతో బిగించే బల్లపరుపు ఫ్యూజు) హోల్డరు కొని, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే బిగించండి.

ఎర్త్ వైరు అర మీటరు మించకూడదు. బాడీ రేకు మీద రెండు మూడు సెంటీమీటర్ల మేర పెయింటు గీకి, మెరిసే లోహం మీద లగ్గు (వైరు కొసకి తొడిగే రింగు), స్టార్ వాషరు పెట్టి బిగించాలి. సీటు బెల్టు బోల్టు జోలికి మాత్రం పోవద్దు.

కిట్‌తో సంబంధం లేని ఆగిపోవడాలూ ఉన్నాయి. అరగంట మోగి ఆగి, చల్లారాక మళ్లీ పాడితే వేడి: సీటు కింద కార్పెట్ కప్పేసిన ఆంప్‌కి మన ఎండాకాలంలో ఇది మామూలే. డ్యూయల్ 4 ఓమ్ (రెండు 4 ఓమ్ కాయిళ్లున్న) సబ్‌వూఫర్ కాయిళ్లని ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్ అవుతుంది, బ్రిడ్జ్‌లో (రెండు చానళ్లు కలిపి వాడేటప్పుడు) కనీసం 4 ఓమ్ అడిగే ఆంప్ దానికి ప్రొటెక్ట్‌లోకి పోతుంది, అంటే తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ప్రొటెక్ట్ లైటు రాకుండా పవర్ లైటే ఆరిపోతుంటే రిమోట్ వైరు చూడండి. చాలా స్టీరియోల్లో నీలం-తెలుపు వైరు ఆంప్‌ది, ఉత్త నీలం యాంటెన్నాది. లైటు వెలుగుతూనే శబ్దం పోతుంటే ఆంప్ నుంచి వైర్లు విప్పి, సబ్‌వూఫర్ కోన్‌ని అరచేత్తో మెల్లగా లోపలికి నొక్కుతూ ఓమ్‌లు కొలవండి. రీడింగు తెగి తెగి వస్తే కోన్‌కి వెళ్లే జడలాంటి తీగ చిట్లినట్టు.

కిట్ ఇప్పటికే కొనేసి ఉంటే ఆర్‌సీఏ, రిమోట్ వైర్లు ఉంచుకుని పవర్, ఎర్త్ రెండూ మార్చండి. 500 వాట్లకి 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వెల్డింగ్ కేబుల్ సరిపోతుంది, 5 మీటర్లలో పోయేది పావు వోల్టే. ఎలక్ట్రికల్ షాపులో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు, లగ్గులు అక్కడే క్రింప్ చేయించుకోండి. వెల్డింగ్ కేబుల్లోనూ అల్యూమినియంది వస్తోంది, డబ్బులిచ్చే ముందే ఒక పోగు గీకి చూసుకోండి.