నాలుగేళ్లు తొక్కిన హైబ్రిడ్ సైకిల్: ఏ మార్పు పనికొచ్చింది, ఏది దండగ

షాపులో సేల్స్ కుర్రాడు సైకిల్ ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్క్‌ని నొక్కి నొక్కి చూపిస్తాడు. "సస్పెన్షన్ ఉందన్నా, గుంతలే తెలీవు" అంటాడు. వారమంతా హైదరాబాద్‌లో ఆఫీసుకి, ఆదివారం గండిపేట చుట్టుపక్కల మొరం బాటల మీదకి ఒకే హైబ్రిడ్ సైకిల్ (రోడ్డుకీ మట్టిబాటకీ రెండింటికీ పనికొచ్చే రకం) నాలుగేళ్లకు పైగా తొక్కాను. గుంతల సంగతి చూసుకునేది టైర్లు. ఫోర్క్ కాదు.

నా సైకిల్‌కి 700సి అనే పెద్ద సైజు చక్రాలు, 32 మి.మీ. వెడల్పు టైర్లు వచ్చాయి. సన్నటి టైరులో గాలి తక్కువ పెడితే చక్రం రిమ్ అంచు దగ్గరే ట్యూబ్ నలిగి పంక్చర్ అవుతుంది, ఎక్కువ పెడితే నడుం విరుగుతుంది. ఫ్రేములో చోటు కొలుచుకుని 40 మి.మీ. టైర్లకు మారాను. మధ్యలో నున్నగా, పక్కల బొడిపెలతో ఉండే రకం. నా బరువు 75 కిలోలు; టైర్లలో గాలి ఒత్తిడి సిటీలో 50 పీఎస్‌ఐ, మొరం మీద 35. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ పైకప్పు కింద ఉన్న సైకిల్ ట్రాక్ మీద వేగం తగ్గిందనిపించలేదు. సర్కారు తుమ్మ ముళ్ల కోసం టైర్‌కీ ట్యూబ్‌కీ మధ్య ప్లాస్టిక్ పట్టీ వేయించాను. కాస్త బరువే, కానీ పంక్చర్ల బెడద చాలా తగ్గింది.

అసలు మలుపు మాత్రం గేర్లు. ముందు పెడల్ దగ్గర 48, 38, 28 పళ్ల చక్రాలు మూడు, వెనక ఏడు గేర్ల ఫ్రీవీల్ (వెనక చక్రానికి మరతో బిగించే పళ్ల చక్రాల గుత్తి), అందులో పెద్దది 28 పళ్లు. అంటే అన్నిటికన్నా తేలిక గేరులో కూడా పెడల్ ఒక చుట్టు తిప్పితే బండి 2.2 మీటర్లు కదలాలి. అనంతగిరి ఘాట్‌లో అది మోకాళ్ల మీద పడుతుంది. షిమానో కంపెనీ 14-34 పళ్ల ఫ్రీవీల్ వేశాక అదే చుట్టుకి 1.8 మీటర్లే. వెయ్యి రూపాయలు అటూ ఇటూ. ఇంత చవకలో ఇంత తేడా ఇచ్చిన సామాను ఇంకోటి లేదు. ఒక్కటే ఇబ్బంది: 24 పళ్ల నుంచి ఒకేసారి 34కి దూకుతుంది, కాళ్ల లయ తప్పుతుంది. చైన్ కూడా పొడుగుది కావాలి. వెనక డెరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపేది) 34 పళ్లకు సరిపోతుందో లేదో ముందే చూసుకోండి.

పాత ఫ్రీవీల్ ఊడదీయడమే పెద్ద తతంగం. తొక్కేకొద్దీ అది తనంతట తానే బిగుసుకుంటుంది. ఒక షాపులో సుత్తి అందుకోబోతే వద్దని చక్రం తెచ్చేసుకున్నాను. సరైన టూల్‌ని బెంచ్ వైస్‌లో (బల్లకి బిగించి ఉండే ఇనుప పట్టు) బిగించి, దాని మీద చక్రాన్ని బోర్లించి, బస్సు స్టీరింగ్ తిప్పినట్టు రెండు చేతులతో ఎడమవైపు తిప్పాలి. టక్కున వదిలింది.

ఇక ఆ సస్పెన్షన్. ఏడాది తిరిగేసరికి లోపల దుమ్ము చేరి కదలడం మానేసింది, బరువు మాత్రం అలాగే ఉంది. తీసేసి మామూలు స్టీల్ ఫోర్క్ వేయించాను. కిలోకి పైగా తగ్గింది, హ్యాండిల్ మాట వింటోంది. పాత దాని పొడవుకి దగ్గరగా ఉన్నదే కొనాలి, లేకపోతే ముందు భాగం కుంగి హ్యాండిల్ కుదురుగా నిలవక బండి చిన్న కదలికకే తిరిగిపోతుంది. కొత్తగా కొనేవాళ్లు మొదటే సస్పెన్షన్ లేని మోడల్ తీసుకుంటే ఈ ఖర్చే ఉండదు.

బ్రేకులు కేబుల్‌తో నడిచే డిస్క్. పర్లేదు. వానాకాలం బురదలో రెసిన్ (మెత్తటి రకం) బ్రేక్ ప్యాడ్లు త్వరగా అరిగిపోతాయి. మెటల్ ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి, కీచుమంటాయి. కొనే ముందు డిస్క్ మీద అక్షరాలు చదవండి; కొన్ని చవక డిస్కులు రెసిన్ ప్యాడ్లకే పనికొస్తాయి. ఒకవైపు ప్యాడే కదిలే రకమైతే రెండోదాన్ని అప్పుడప్పుడు ఆలెన్ కీతో (ఆరు పలకల తాళం) మీరే దగ్గరికి జరుపుకోవాలి.

వెనక క్యారియర్ పెట్టించి ఆఫీసు బ్యాగు దాని మీదకి మార్చాక వీపు చెమట పోయింది. జెల్ సీటు కవరు దండగ, ఎక్కువ దూరం వెళ్తే జరిగిపోయి ఇంకా నొప్పి. ఇంకా తేలనిది మడ్‌గార్డుల గొడవ. 40 మి.మీ. టైరుతో మొరం తడిసినప్పుడు మట్టి ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. అందుకే వానల్లో ఆదివారం మడ్‌గార్డులు విప్పేస్తాను, సోమవారం పొద్దున మళ్లీ బిగిస్తాను.