భీమిలి డైట్, ఫుల్‌బ్రైట్, చళ్లకెరె: విశాఖ సైన్స్ టీచర్‌కు ఏది మేలు?

అమెరికాలో ఐన్‌స్టీన్ ఫెలోషిప్ అని ఒకటుంది. బడిలో కనీసం 5 ఏళ్లు సైన్సో లెక్కలో చెప్పిన టీచర్లను 11 నెలలపాటు వాషింగ్టన్‌లోని ప్రభుత్వ సంస్థల్లోకి, చట్టసభ సభ్యుల కార్యాలయాల్లోకి తీసుకుంటారు. 1994లో దానికి ఏకంగా చట్టమే చేశారు. కానీ అది అమెరికా పౌరులకే. విశాఖలో పనిచేసే ఫిజికల్ సైన్స్, బయాలజీ స్కూల్ అసిస్టెంట్లకు దానికి దగ్గరగా ఉండే దారులు మూడు: భీమిలి డైట్‌కో (టీచర్లకు శిక్షణనిచ్చే జిల్లా సంస్థ) ఎస్‌సీఈఆర్‌టీకో (అదే పని చూసే రాష్ట్ర సంస్థ) డిప్యుటేషన్, అమెరికా ప్రభుత్వం నడిపే ఫుల్‌బ్రైట్, చళ్లకెరె శిక్షణ.

చళ్లకెరె సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లాలో బెంగళూరు సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీకి ఉన్న ప్రాంగణంలో పది రోజులు అక్కడే ఉండి ప్రయోగాలు చేతులతో చేసి నేర్చుకోవాలి. ల్యాబ్‌కు తాళం వేసి ఉండే బడిలో ఏళ్ల తరబడి పనిచేసి చెయ్యి ఆడటం మరిచిపోయినవారు ముందు ఇక్కడికే వెళ్లాలి. సెలవుల్లో తేదీలు కుదిరితే పిల్లలకు ఒక్క పీరియడ్ కూడా పోదు.

ఫుల్‌బ్రైట్‌లో టీచర్లకు సరిపడేది ఆరు వారాల కార్యక్రమం. అక్కడి యూనివర్సిటీలో తరగతులు, దగ్గర్లోని బడిలో పరిశీలన ఉంటాయి. ఒక సెమిస్టర్ పాటు సాగే మరోటీ ఉంది. ఆ ఏడాది ప్రకటనలో మన దేశం పేరుందో లేదో ముందే చూసుకోండి. విమానం టికెట్, వసతి వాళ్లే భరిస్తారు. కుటుంబాన్ని తీసుకెళ్లడానికి మాత్రం డబ్బివ్వరు.

ఫుల్‌బ్రైట్ దరఖాస్తులు ఎక్కువగా వీగిపోయేది వాటిలో రాయాల్సిన వ్యాసాల దగ్గరే. ‘కృత్యాధార బోధన చేస్తాను’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. చేసిన పాఠాన్ని చూపించాలి. మే నెలలో ఆర్కే బీచ్ నీళ్లు 100 మి.లీ. ఆరబెడితే సుమారు మూడున్నర గ్రాముల ఉప్పు మిగులుతుంది. వానాకాలం పోయాక, అక్టోబరులో తగ్గుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది నీళ్లను సముద్ర ప్రవాహం తీరం వెంబడే దక్షిణానికి తెస్తుంది కాబట్టి. 0.01 గ్రాము చూపే కాటా చాలు. చివరిదాకా మంట మీదే ఉంచితే ఉప్పు చిటపటలాడి బయటికి ఎగిరిపోతుంది, తూకం తగ్గుతుంది. అందుకని చివరి తడిని మరుగుతున్న నీటి గిన్నె మీద పెట్టి ఆరనివ్వాలి. ఆరిన ఉప్పు మన గాలిలో తేమను పీల్చుకుంటుంది, వెంటనే తూచాలి. పిల్లల లెక్కలు ఎక్కడ తేడా వచ్చాయో, ఎందుకు వచ్చాయో రాస్తే అదే వ్యాసం.

కాగితాలూ అంతే ముఖ్యం. పాస్‌పోర్ట్ లేకపోతే ముందు మర్రిపాలెం కార్యాలయం పని చూసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగి శాఖ నుంచి అనెక్షర్ జి (ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం) అయినా తేవాలి, లేదా అనెక్షర్ హెచ్ ద్వారా ముందస్తు సమాచారం అయినా ఇవ్వాలి. వీసాకు హైదరాబాద్ కాన్సులేట్. విదేశీ ప్రయాణానికి అనుమతి ఫైలు హెచ్‌ఎం నుంచి డీఈఓ, ఆపైన డైరెక్టరేట్ దాకా వెళ్లాలి. ఎంపికయ్యాక మొదలుపెడితే ఆలస్యమే. దరఖాస్తు రోజునే కదపండి. జనవరిలో మొదలయ్యే విడత మార్చి పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు అడ్డం పడుతుంది. పదో తరగతి మీ చేతిలో ఉంటే ఆ విడత వదులుకోవడమే న్యాయం.

ఇక డిప్యుటేషన్. దేశం వదలనక్కర్లేదు, ఇంగ్లిష్ పరీక్ష లేదు. పని మాత్రం పెద్దది. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. తరగతిలో ఏ వాక్యం దగ్గర పిల్లలు ఆగిపోతారో, ఏ కృత్యం బడిలో దొరికే సామాన్లతో జరగదో ఏళ్లపాటు పాఠం చెప్పిన మనిషికే తెలుస్తుంది. ఆ మనిషి టీచర్ల శిక్షణ మాడ్యూల్ రాసే బల్ల దగ్గర ఉండాల్సిందే. ఎస్‌సీఈఆర్‌టీ అయితే విజయవాడ వైపు మకాం మార్చాలి. ఇల్లూ పిల్లలూ ఇక్కడే ఉన్నవారికి భీమిలి డైట్ నయం.

ఇక్కడొక పెద్ద చిక్కుంది. జీతం పాత బడి పోస్టు మీదే డ్రా అయితే ఆ పోస్టు ఖాళీగా లెక్కకు రాదు, ఇంకో టీచర్ రారు. ఉత్తర్వులో ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ అని ఉంటే ఏళ్లు గడిచిపోతాయి, ఆ పిల్లలకు సైన్స్ చెప్పేవారుండరు. కాబట్టి చేరే ముందే మూడు అడగండి: జూన్ నుంచి ఏప్రిల్ వరకు అని తేదీలు, జీతం ఏ పోస్టు మీద, మీ పీరియడ్లు ఎవరికి. మూడూ కాగితం మీద ఉండాలి. రాని పక్షంలో రిలీవ్ కావద్దు.

సర్వీసు పదేళ్లలోపు ఉంటే చళ్లకెరె, ఆ తర్వాత ఫుల్‌బ్రైట్. పదిహేనేళ్లు దాటి, పక్క బడి టీచర్లు మీ నోట్స్ అడిగి తీసుకెళ్లే స్థితి ఉంటే తేదీలు రాసిన డైట్ డిప్యుటేషనే మేలు.